నూనె కొలిచిన గిన్నె

మా ఇంట్లో మే నెల వచ్చిందంటే వసారాలో రెండు చాపలు పడేవి. ఒక చాప మీద అమ్మ మామిడికాయ ముక్కలు తుడిచి ఆరబెట్టేది. రెండో చాప మీద బాపు జావా మోటారుసైకిల్ ఇంజన్ విప్పి పరిచేవాడు. రెండింటి మధ్య రెండు మూరల ఎడం ఉండి తీరాలన్నది అమ్మ పెట్టిన కట్టుబాటు. కిరోసిన్‌ను మేం గ్యాసునూనె అనేవాళ్లం. ఆ వాసన తొక్కుకు పట్టిందంటే ఏడాది పొడుగునా ప్రతి ముద్దలోనూ అదే తగులుతుందని ఆమె భయం. ఎనుమాముల మార్కెట్ నుంచి తెచ్చి పట్టించిన చపాటా మిరప కారం గాలికి లేచి, పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్‌లో పడుతుందేమోనని బాపు భయం. ఆ ఇద్దరి నడుమ కూర్చుని, అటు నువ్వుల నూనె అందిస్తూ ఇటు పానాలు అందిస్తూ పెరిగాను నేను. ఇప్పటికీ అల్లం వెల్లుల్లి దంచిన వాసన తగిలితే నాకు పిస్టన్ గుర్తొస్తుంది.

బాపు ఆజంజాహీ మిల్లులో ఫిట్టర్. నిజాం నవాబు తన పెద్ద కొడుకు ఆజం జా పేరు మీద 1934లో పెట్టించిన నూలు మిల్లు అది. మా చిన్నతనంలో వరంగల్ అంటే మిల్లు, మిల్లు అంటే వరంగల్. మేం మిల్స్ కాలనీలో ఉండేవాళ్లం. పగలంతా దారం వడికే యంత్రాల బేరింగులు మార్చి, కడ్డీలు సరిచేసి వచ్చిన మనిషి సాయంత్రం మళ్లీ ఇంకో యంత్రం ముందు చతికిలబడటం ఇరుగుపొరుగుకు వింతగా ఉండేది. ఆయనకు అదే విశ్రాంతి. మిల్లులో యంత్రాలు ఎన్నో ఉండేవి, ఏదీ మాది కాదు. ఇంట్లో ఉన్నది ఒక్కటే, అది మా సొంతం.

అది 1969 నాటి జావా 250. మైసూరులోని ఐడియల్ జావా ఫ్యాక్టరీలో 1961 నుంచి బండ్లు తయారయ్యేవి, ఇదీ అక్కడ పుట్టినదే. బాపు 1977లో హన్మకొండలో ఒక పెద్దాయన దగ్గర పాతదిగా కొన్నాడు. ముదురు ఎరుపు రంగు, ట్యాంకుకు రెండు పక్కలా అద్దంలా మెరిసే పూత. సిలిండర్ ఒక్కటే, సైలెన్సర్లు మాత్రం రెండు. కిక్ కొట్టిన కడ్డీనే తిప్పి ముందుకు పెడితే గేరు కడ్డీ అయ్యేది. చేత్తో క్లచ్ పట్టకపోయినా ఆ కడ్డీని నొక్కగానే క్లచ్ విడిపోయే ఏర్పాటు కూడా ఉంది. తాళంచెవి అంటే హెడ్‌లైట్ మీద గుచ్చే చిన్న మేకు లాంటి పుల్ల. అది పోతే నిజం మేకు పెట్టి కూడా నడుపుకోవచ్చని కాలనీలో పిల్లలందరికీ తెలుసు. ఆ రహస్యం తెలిసిన ఏ ఒక్కరూ మా బండిని ముట్టలేదు, అది వేరే సంగతి.

ఏటా ఇంజన్ ఎందుకు విప్పాలి అని అప్పట్లో చాలామంది అడిగేవారు. ఇది రెండు స్ట్రోకుల ఇంజన్. నాలుగు స్ట్రోకుల బండిలో అడుగున వేరే నూనె ఉండి అది లోపలంతా తిరుగుతుంది. ఇందులో సిలిండర్‌లో పైకీ కిందికీ ఆడే పిస్టన్‌కు, ఆ ఆటను తిప్పుడుగా మార్చే ఇరుసుకు, అంటే క్రాంకుకు, అలాంటి నూనె లేదు. పెట్రోలులోనే నూనె కలిపి పోస్తాం. ఆ మిశ్రమం పిస్టన్ కింద ఉన్న గదిలోకి ముందు వెళ్లి, అక్కడ బేరింగులను, కనెక్టింగ్ రాడ్‌ను, సిలిండర్ గోడను తడిపి, ఆ తర్వాత పైకి చేరి మండిపోతుంది. అంటే బండి తనను కాపాడే నూనెను తానే కాల్చుకుంటూ పోతుంది. కాలిన నూనె మసి అవుతుంది. ఆ మసి పిస్టన్ నెత్తిన, సిలిండర్‌ను పైన మూసే హెడ్ లోపల, అన్నింటికన్నా ఎక్కువగా పొగ బయటికి పోయే రంధ్రాల అంచుల్లో గట్టిపడుతుంది. కిటికీలకు మట్టి మెత్తుకుంటూ పోతే ఇంట్లో ఊపిరి ఎలా ఆడదో ఇదీ అంతే. ముగ్గురం ఎక్కినప్పుడు ఎత్తు మీద మూడో గేరులో రొప్పడం మొదలుపెట్టిందంటే, "దీనికి గొంతు పూడుకుపోయింది బిడ్డా" అనేవాడు బాపు. ఆ ఆదివారమే చాప పడేది.

ముందు ట్యాంకు, సైలెన్సర్లు, కార్బురేటర్ దిగేవి. హెడ్ నట్లను ఒకదాని తర్వాత ఒకటి కాక ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా వదులు చేసేవాడు. హెడ్ వంకర పోకూడదని. హెడ్ లేవగానే లోపల నల్లని పెంకు కనిపించేది. దాన్ని గీకడానికి ఇనుము వాడనిచ్చేవాడు కాదు. వెదురు బద్దను వాలుగా చెక్కి ఇచ్చేవాడు. పిస్టన్ అల్యూమినియం, దాని మీద ఇనుము గీత పడితే ఆ గీతలోనే రేపు మసి మొదట వేరు తన్నుకుంటుందని చెప్పేవాడు. మధ్యాహ్నమంతా నేను ఆ బద్దతో గీకేదాన్ని. పెంకు చిట్లి, కింద తెల్లగా లోహం మెరిసిన చోట వేలితో రుద్ది చూసుకునేదాన్ని. మిల్లులో కావలసినంత దూది, నూలు చిక్కులు దొరికేవి కదా, తుడవడానికి వాటిని మాత్రం ఎన్నడూ వాడలేదు. ఒక్క పోగు కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రంలో, అంటే జెట్‌లో, ఇరుక్కుంటే బండి దారిలో నిలబడుతుంది. తన పాత ధోవతి చింపి, ఉతికి, ఎండబెట్టి మడిచి పెట్టుకునేవాడు.

సైలెన్సర్ల లోపలి ఇనుప గొట్టాలను కాస్టిక్ సోడా కలిపిన నీళ్లలో నానబెట్టేవాడు. ఆ బకెట్ దగ్గరికి మమ్మల్ని రానిచ్చేవాడు కాదు. అల్యూమినియం వస్తువు ఏదీ అందులో పడకూడదు, పడితే కరిగిపోతుంది. అమ్మ వంట గిన్నెలన్నీ అల్యూమినియమే కాబట్టి ఆ రోజు వంటింటి తలుపు మూసే ఉండేది.

పిస్టన్ విప్పాల్సిన ఏడు అమ్మకూ పని పడేది. పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్‌తో కలిపే పిన్ను బిగుతుగా ఉంటుంది. సుత్తితో కొడితే రాడ్ వంగుతుంది. అమ్మ పొయ్యి మీద నీళ్లు మరగబెట్టి గుడ్డ ముంచి పిండి ఇచ్చేది. ఆ వేడి గుడ్డను పిస్టన్ చుట్టూ చుట్టి, చల్లారకముందే ఇంకోటి చుట్టి, రెండు మూడు సార్లయ్యాక బాపు బొటనవేలితో నెడితే పిన్ను మెల్లగా జారి వచ్చేది. అల్యూమినియం ఇనుముకన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది. నేనిప్పుడు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. ఆ పాఠం వచ్చినప్పుడల్లా నా కళ్లముందు పుస్తకంలోని బొమ్మ ఉండదు, అమ్మ చేతిలో ఆవిరి కక్కుతున్న గుడ్డ ఉంటుంది. పిన్ను రెండు చివర్లా ఉండే సన్నని తీగ క్లిప్పులను తీసేముందు కింది గది నోటిని ధోవతి గుడ్డతో కుక్కేవాడు. క్లిప్పు లోపల పడితే ఇంజన్ మొత్తం చీల్చాలి. తీసిన క్లిప్పు మళ్లీ వాడటం ఆయన లెక్కలో లేదు. అవి చౌకలోకెల్లా చౌకవి, వాటి దగ్గర పొదుపు చేసి ఇంజన్ పోగొట్టుకున్న వాళ్లు ఉన్నారు.

పిస్టన్ చుట్టూ గాడుల్లో కూర్చునే రింగులను పరీక్షించే పద్ధతి నాకు అన్నింటికన్నా ఇష్టం. రింగును ఉత్తగా సిలిండర్‌లో దించి, పిస్టన్‌తో నెట్టి సమంగా కూర్చోబెట్టి, రెండు కొసల మధ్య ఎడం ఎంతో ఫీలర్ గేజితో, అంటే మందం తెలిసిన సన్నని రేకులతో, చూడాలి. 0.25 మిల్లీమీటరు రేకు కాస్త బిగువుగా దూరితే కొత్త రింగు. రేకు మీద రేకు వేసినా వదులుగా ఆడుతుంటే రింగు పని అయిపోయినట్టే. బాపు దగ్గర ఒక నోటు పుస్తకం ఉండేది. "1983 మే 15, మసి తీశాను, పై రింగు 0.4" అని పెన్సిల్‌తో రాసేవాడు. మా పుట్టినరోజులు రాసిపెట్టింది కూడా ఆ పుస్తకంలోనే.

పాయింట్ల దగ్గరికి వచ్చేసరికి నా వంతు. ఇంజన్ కుడి వైపు మూత తీస్తే డైనమో, దాని పక్కన పాయింట్లు. రెండు చిన్న బొడిపెలు అంటుకుని విడిపోతుంటాయి. విడిపోయిన ఆ క్షణంలోనే ప్లగ్‌లో నిప్పు పుడుతుంది. పూర్తిగా విడిపోయినప్పుడు మధ్య ఎడం 0.4 మిల్లీమీటరు ఉండాలి. అది తేలికే. అసలు సంగతి, విడిపోవడం ఏ క్షణంలో మొదలవుతుందన్నది. పిస్టన్ పైకొసకు చేరడానికి కొన్ని మిల్లీమీటర్ల ముందే నిప్పు పడాలి. మంట అంతా అంటుకోవడానికి కొంత సమయం కావాలి కదా. ముందైతే ఇంజన్ గణగణలాడుతుంది, వేడెక్కుతుంది. ఆలస్యమైతే లాగదు, తాగుతుంది. హెడ్ విప్పి ఉన్నప్పుడే బాపు పిస్టన్ లోతు కొలిచి, ఆ స్థానంలో డైనమో మీద, దాని పక్కనున్న గూడు మీద ఎదురెదురుగా రెండు సన్నటి గీతలు గీసుకున్నాడు.

నేను సంక్రాంతికి మిగిలిన పతంగి కాగితం ముక్కను పాయింట్ల మధ్య పెట్టి, కొస పట్టుకుని, చాలా మెత్తగా లాగుతూ కూర్చునేదాన్ని. గట్టిగా లాగితే చిరుగుతుంది, వదిలేస్తే తెలియదు. బాపు పానా పెట్టి డైనమోను వెంట్రుకవాసి చొప్పున తిప్పేవాడు. కాగితం పట్టుకుని ఉంటుంది, పట్టుకుని ఉంటుంది, ఉన్నట్టుండి వేళ్ల మధ్యకు జారి వచ్చేస్తుంది. "వదిలింది!" అని అరిచేదాన్ని. బాపు పానా ఆపి వంగి చూసేవాడు. గీతకు గీత ఎదురుగా ఉంటే తలూపేవాడు. లేకపోతే పలక స్క్రూలు వదులు చేసి కొంచెం జరిపి మళ్లీ మొదటినుంచి. ఒక్కోసారి పదిసార్లు చేసేవాళ్లం. నీ వేళ్లు సన్నగా ఉన్నాయి, నావి మిల్లులో మొద్దుబారాయి అనేవాడు. పది పన్నెండేళ్ల ఆడపిల్లను ఒక యంత్రం ముందు కూర్చోబెట్టి, నువ్వు చెప్పే దాకా నేను ఆగుతాను అన్నవాడు మా వీధిలో ఇంకొకడు లేడు.

నూనె కొలవడం కూడా నాదే. లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్లు. అమ్మ దగ్గర ఒక చిన్న స్టీలు నేతి గిన్నె ఉండేది. బాపు దగ్గు మందు సీసా మూతతో, అది 5 మిల్లీలీటర్లది, ఎనిమిది మూతలు పోసి, నూనె వచ్చి ఆగిన చోట మేకుతో లోపల గీత గీశాడు. ఆ గిన్నె ఇక నేతికి పనికిరాలేదు. బంకు నుంచి డబ్బాలో పెట్రోలు తెచ్చి ఇంట్లోనే కలిపి, బాగా ఊపి, ట్యాంకులో పోసేవాళ్లం.

1986 ఫిబ్రవరిలో మేడారం జాతరకు బయల్దేరాం. నాకు పదమూడేళ్లు. సమ్మక్క గద్దెకు వచ్చే గురువారానికి అక్కడ ఉండాలని అమ్మ మొక్కు. అయిదు లీటర్ల డబ్బా ముందురోజు రాత్రే వచ్చింది. తెల్లవారుజామున చీకట్లో బాపు టైర్లకు గాలి కొడుతూ, "నూనె కలిపి పోసెయ్ బిడ్డా" అన్నాడు. గిన్నె తీశాను. అంతలో బంగారం కట్టిన మూట విప్పుకుపోతోంది పట్టుకొమ్మని అమ్మ పిలిచింది. బంగారమంటే బెల్లం, తల్లులకు నిలువెత్తు ఇచ్చేది. వెళ్లి మూట బిగించి వచ్చి, డబ్బా ఎత్తి ట్యాంకులో పోసేశాను. కలిపాననే అనుకున్నాను.

ట్యాంకు అడుగున పాత మిశ్రమం కొంత ఉండబట్టి ములుగు దాకా ఏమీ తెలియలేదు. ఎడ్లబండ్లు, లారీలు, నడిచిపోయే జనం, దుమ్ము. ములుగు దాటాక పస్రా ఇంకా రాకముందు, ఇంజన్ గొంతు మారింది. బరువు మోస్తున్న మనిషి పళ్లు బిగబట్టినట్టు బండి వెనక్కి లాగింది. బాపు చెయ్యి వెంటనే క్లచ్ మీద పడింది. లేకపోతే వెనక చక్రం పట్టేసి ముగ్గురం రోడ్డు మీద పడేవాళ్లం. కీచుమన్న ఒక చప్పుడు, తర్వాత ఏమీ లేదు. టేకు చెట్ల కింద బండి ఆగిపోయి, సిలిండర్ రెక్కలు చల్లారుతూ టిక్కుటిక్కుమంటున్నాయి.

బాపు కిక్ మీద చెయ్యి వేసి చూశాడు, కదలలేదు. ట్యాంకు మూత తీసి, లోపల వేలు ముంచి, బొటనవేలితో రుద్దుకున్నాడు. నూనె కలిపిన పెట్రోలు ఆరిన తర్వాత కూడా వేళ్ల మధ్య జిగురుగా జారుతుంది. అది జారలేదు. ఆయన నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉంటే నాకు తేలికయ్యేదేమో. నేను కలిపానా లేదా అని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆయన వేళ్లకు తెలిసింది, నాకూ తెలిసింది.

పనిముట్ల పెట్టెలో చిన్న నూనె సీసా ఎప్పుడూ ఉండేది. గంటసేపు చల్లారనిచ్చి, ప్లగ్ విప్పి ఆ రంధ్రంలో కొంచెం పోశాడు. మిగిలింది ట్యాంకులో పోసి బండిని అటూ ఇటూ ఊపాడు. టాప్ గేరులో పెట్టి వెనక చక్రాన్ని ముందుకూ వెనక్కూ ఊపగా ఊపగా ఇంజన్ పట్టు వదిలింది. అమ్మనూ నన్నూ బస్సు ఎక్కించి, తాను ముప్పై వేగంతో వెనకే వచ్చాడు. జంపన్న వాగులో స్నానం చేసి, బంగారం ఇచ్చాం. అమ్మ మొక్కు తీరింది. నేను ఆ తల్లుల ముందు ఏం మొక్కుకున్నానో ఇక్కడ రాయను.

తిరిగి వచ్చిన ఆదివారం ఇంజన్ విప్పాడు. మే కాదు, మామిడికాయలు లేవు, ఒకటే చాప. సిలిండర్ పైకి తీసి కిటికీ వెలుగుకు ఎత్తి పట్టి, "గోరుతో చూడు" అన్నాడు. చూపుడు వేలి గోరును లోపలి గోడ మీద పైనుంచి కిందికి జార్చాను. నున్నగా పోతూ పోతూ ఒకచోట తట్టుకుంది. ఇంకో నాలుగు చోట్ల తట్టుకుంది. నూనె లేక వేడెక్కి ఉబ్బిన పిస్టన్ గోడకు రాసుకుని, దాని అల్యూమినియం పోత ఇనుముకు అతుక్కుపోయింది, కాటుక చెదిరినట్టు బూడిద రంగు చారలు. "నూనె లేకపోతే ఇట్ల అవుతుంది. ఇక నీకు ఎవరూ చెప్పనక్కర్లేదు" అన్నాడు. దాని గురించి ఆయన నాతో అన్న మాటలు జీవితం మొత్తంలో ఆ రెండే.

గీతలు ఎమరీ కాగితానికి పోయేవి కావు. సిలిండర్ పట్టుకుని లేత్ దుకాణానికి వెళ్లాం. 65 మిల్లీమీటర్ల బోరును, అంటే సిలిండర్ లోపలి వెడల్పును, అర మిల్లీమీటరు పెంచి, అంత లావు పిస్టన్, రింగులు తెచ్చి వేశాం. ఆ నెల జీతంలో ఎంత పోయిందో అమ్మ ముఖం చూస్తే తెలిసింది. కొత్త బోరుకు కొత్త పిస్టన్ అలవాటు పడేదాకా లీటరుకు 50 మిల్లీలీటర్ల నూనె కలపాలి, నలభై వేగం దాటకూడదు, ఒకే వేగంలో చాలాసేపు పోకూడదు. బాపు మిల్లుకు బయల్దేరే ముందు డబ్బా, గిన్నె వసారాలో పెట్టి, "రెండు లీటర్లు ఉంది" అని చెప్పి లోపలికి వెళ్లి బట్టలు మార్చుకుంటున్నాడు. గిన్నె నా చేతికే వచ్చింది. తానే కొలుచుకోవచ్చు, అన్నకు చెప్పవచ్చు. పక్కన నిలబడి చూడవచ్చు. ఏదీ చేయలేదు. నా చేతులు వణికాయి. జేబులో నాలుగు చింతపిక్కలు పెట్టుకుని, ఒక గిన్నె పోసిన ప్రతిసారీ ఒక పిక్క ఈ జేబులోంచి ఆ జేబులోకి మార్చే అలవాటు ఆ రోజు మొదలైంది. ఈ వయసులోనూ అలాగే చేస్తాను.

తర్వాతి ఏళ్లు త్వరగా గడిచాయి. పదిహేడేళ్లకు బండి నేర్చుకున్నాను. పెళ్లయి వెళ్లాను. మైసూరు ఫ్యాక్టరీ అప్పటికే యెజ్డీ పేరుతో బండ్లు చేస్తోంది, 1996లో అదీ మూతపడింది. మా మిల్లు కూడా మూతపడింది. కాలనీ ఖాళీ చేసి కరీమాబాద్ ఇంటికి మారినప్పుడు జావాను తోసుకుంటూ తీసుకెళ్లి వెనక రేకుల కొట్టంలో పెట్టి గోనెపట్టాలు కప్పారు. బాపు దాన్ని అమ్మలేదు, నడపలేదు. అడిగినవాళ్లకు "ఉండనీ" అనేవాడు.

2020లో బడులు మూసినప్పుడు నేను పుట్టింట్లో చిక్కుకుపోయాను. బాపుకు అప్పటికి డెబ్బై తొమ్మిది. అమ్మ లేదు. ఒక మధ్యాహ్నం గోనెపట్టా తీశాను. కిక్ కదలలేదు, ఈసారి తుప్పుకు. దుకాణాలు లేవు, తొందరా లేదు. ప్లగ్ రంధ్రంలో డీజిల్, ఇంజన్ నూనె చెరిసగం కలిపి పోసి, రోజూ ఒకసారి టాప్ గేరులో చక్రం ఊపి చూసేదాన్ని. బలం వాడొద్దు, రింగులు విరుగుతాయని బాపు కుర్చీలోంచి రోజూ చెప్పేవాడు. పదకొండో రోజున చక్రం గోరంత కదిలింది. ఆ సాయంత్రానికి బెత్తెడు. మర్నాడు పిస్టన్ పైకొస దాటింది. నేను ఏడ్చేశాను.

విప్పితే సిలిండర్‌లో పిస్టన్ ఆగిన చోట తుప్పు వలయం. ఆయన అడగకముందే గోరు పెట్టి చూశాను. బోరు అప్పటికే పెంచగలిగినంతా పెంచి ఉంది, ఇక లోపల కొత్త స్లీవ్, అంటే ఇనుప గొట్టం, దించడమే దారి. లేత్ దుకాణాలు తెరిచాక ఆ పని జరిగింది. పిస్టన్, సీళ్లు, ప్యాకింగులు హైదరాబాద్ పుత్లీబౌలిలో తిరిగి తెచ్చుకున్నాను. క్రాంకును ప్రెస్సు మీద విడదీసి కొత్త రాడ్ వేసి, డయల్ గేజితో నిటారుగా ఉందో లేదో చూసే పని ఇంట్లో జరిగేది కాదు, అదీ అక్కడే చేయించాను. మిగతాదంతా వసారాలోనే చేశాను. చాప మాత్రం ప్లాస్టిక్‌ది.

పాయింట్ల రోజు వచ్చింది. కాగితం తాను పట్టుకుంటానన్నాడు బాపు. ఆయన చెయ్యి వణుకుతోంది. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండో కన్ను మసక. వద్దనలేకపోయాను. మా అబ్బాయి పతంగి కాగితం ముక్క ఇచ్చి, కింద కుర్చీ వేసి కూర్చోబెట్టాను. నేను పానాతో డైనమోను తిప్పుతున్నాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. ఎంతసేపైనా "వదిలింది" అన్న మాట రాదు. వణుకుకు కాగితం ఎప్పుడో జారిపోయి ఉంటుందని నేను అనుకుంటుండగా, "ఆగు" అన్నాడు. వంగి చూశాను. 1980ల నాటి ఆ గీతలు తుప్పు తుడిచాక కూడా ఉన్నాయి, రెండూ ఒకదానికొకటి ఎదురుగా ఉన్నాయి. మర్నాడు చిన్న బల్బు తగిలించి మళ్లీ చూశాను. పాయింట్లు విడిపోగానే బల్బు వెలుగుతుంది. సరిగ్గా అక్కడే వెలిగింది.

బండి తొమ్మిదో కిక్కుకు లేచింది. రెండు సైలెన్సర్ల నుంచీ పాత నూనె పొగ వీధంతా నిండింది. బాపు ఇంజన్ అడుగున అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉంచాడు. చెవులు సరిగా వినిపించని మనిషి చేత్తో విన్నాడు. "కిందిది బాగుంది. పైది ఇంకా అలవాటు పడాలి" అన్నాడు. ఆయన 2022 వానాకాలంలో పోయాడు.

ఇప్పుడు బండి హన్మకొండలో మా ఇంట్లో ఉంది. ఆదివారం పొద్దున భద్రకాళి చెరువు కట్ట దాకా, వీలైతే ఐనవోలు దాకా వెళ్లి వస్తాను. జులై రెండో ఆదివారం జావా, యెజ్డీ బండ్లవాళ్లందరికీ పండగ, ఆ రోజు ఇంకొంచెం దూరం. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరును ఉబ్బిస్తుంది. అందుకే ట్యాంకులో పెట్రోలు నిలవ ఉంచను, కార్బురేటర్ గిన్నెను ఖాళీ చేసి పెడతాను, పైపు ఏటా మారుస్తాను. పాత బండి ఉన్నవాళ్లు ఎవరైనా ఈ ఒక్క పని చేసుకోండి, సగం కష్టాలు తప్పుతాయి.

నెల రోజులుగా పొగ కొంచెం ఎక్కువగా వస్తోంది. పెట్రోలులో నూనె పాళ్లు మార్చలేదు. నేల మీద చుక్క లేదు, అయినా ఎడమ వైపు క్లచ్ కేసులో నూనె మట్టం తగ్గుతోంది. అంటే క్రాంకు ఎడమ కొసన నూనెను ఆపే సీలు అరిగి, ఆ నూనెను ఇంజన్ లోపలికి పీల్చుకుని కాలుస్తోంది. సీలు తెప్పించి పెట్టాను. క్లచ్ మొత్తం దించాలి, రెండు ఆదివారాల పని. మా మేనకోడలికి సెలవులు వచ్చే శనివారం మొదలవుతాయి, ఏడో తరగతి అయింది, వేళ్లు సన్నగా ఉంటాయి. పాత నేతి గిన్నెను చింతపండుతో తోమి కిటికీలో బోర్లించాను.